పెట్టింది తిని రా

గవరపాలెం, అనకాపల్లి
గురువారం మధ్యాహ్నం

చిరంజీవి బుజ్జికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఎవరికేం ముంచుకొచ్చిందోనని నా గుండె జారిపోయింది. చివరికి తేలిందేమిటయ్యా అంటే, వచ్చే ఆదివారం నువ్వు అచ్యుతాపురం అవతల ఏదో పల్లెలో చర్చికి వెళ్తున్నావట. నువ్వు చెప్పింది అంతేనట. ఆ కబురు మీ పెద్దపిన్ని చెవిన పడి, అక్కణ్ణించి విశాఖపట్నం వెళ్ళి తిరిగి వచ్చేసరికి నీకు బాప్తిస్మం అయిపోయింది, పేరు మారిపోయింది, పెళ్ళి కూడా కుదిరిపోయింది. కొత్త పేరేమిటన్నది మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు.

పిలిచింది అబ్బాయో అమ్మాయో నీ మెసేజిలో లేదు. నేను అడగను. చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెప్తావు. "అత్తా, అక్కడ ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు" అని అడిగావు చూడు, అది చదివాక నాకు భలే సంతోషమేసింది. ఎవరింటికైనా వెళ్ళేముందు ఆ ఇంటి పద్ధతి తెలుసుకోవాలన్న బుద్ధి నీకుంది. ఫోన్లో చెప్తే ఊఁ ఊఁ అంటూ పక్కన ఇంకో పని చేసుకుంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. రేపు పొద్దున్న కంపెనీ బస్సెక్కే మన వీధి కుర్రాడి చేతికిస్తాను. పూర్తిగా చదువు. ముఖ్యంగా భోజనం గురించి రాసినది రెండుసార్లు చదువు.

ముందు మీ అమ్మ భయం సంగతి. నువ్వు వెళ్తున్నది బాప్టిస్టు సంఘమని రాశావు. వాళ్ళలో బాప్తిస్మం పొరపాటున జరిగిపోయేది కాదురా. పసిపిల్లలకి కూడా ఇవ్వరు. బుద్ధెరిగిన మనిషి తనంతట తాను నమ్ముతున్నానని నలుగురి ముందూ ఒప్పుకుంటే, అప్పుడు నిండా నీళ్ళలో ముంచి లేపుతారు. దానికి ముందు పాస్టరుగారు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. చర్చి గుమ్మం దాటితేనే మతం మారిపోయే పనైతే, ట్రైనింగు రోజుల్లో హాస్టలు పిల్లలతో కలిసి రాస్ కొండెక్కిన నేనెప్పుడో మారిపోయి ఉండాలి. విశాఖ పాతఊళ్ళో ఆ మూడు కొండలూ నువ్వూ చూశావుగా. ఒకదాని మీద మేరీమాత, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరుడు. మేం ఓపికున్నప్పుడు మూడూ ఎక్కేవాళ్ళం. దిగొచ్చి ఓడల్ని చూస్తూ వేరుశెనక్కాయలు తినేవాళ్ళం. మీ అమ్మకి నేను సర్ది చెప్పుకుంటాను, ఆ బెంగ నీకొద్దు.

ఇక వెళ్ళే పద్ధతి. శుభ్రమైన చొక్కా వేసుకో, ఇస్త్రీ చేయించు. ఆ చిరిగిన జీన్సు గదిలోనే వదిలెయ్. వాళ్ళు ఆదివారానికి ఉన్నవాటిలో మంచి బట్టలు తీసి కట్టుకుంటారు. ఎండలో పనిచేసే మనుషులు కూడా ఆ రోజు మల్లెపువ్వులా తెల్లగా వస్తారు. నువ్వొక్కడివీ నలిగిన బట్టల్లో నిలబడితే నీకు కాదు, నిన్ను తీసుకెళ్ళినవాళ్ళకి చిన్నతనం. పల్లె మందిరాల్లో చెప్పులు బయటే విడుస్తారు. గుమ్మం దగ్గర చెప్పులు కనబడితే విడిచెయ్, కనబడకపోతే పక్కవాణ్ణి చూసి నడుచుకో. లోపల మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చోవడం మామూలు. ఆడవాళ్ళు తలమీద కొంగు కప్పుకుంటారు. నీ స్నేహం అటువైపు కూర్చుంటే నువ్వు వెనకాలే వెళ్ళి అక్కడ చతికిలబడకు. ఎవరైనా "వందనాలండీ" అంటే నువ్వూ చేతులు జోడించి "వందనాలండీ" అను. పాస్టరుగారిని అయ్యగారూ అని, ఆయన భార్యని అమ్మగారూ అని పిలుస్తారు. నువ్వూ అలాగే పిలువు.

పదింటికి అన్నారు గదాని పదకొండింటికి వెళ్ళకు. ముగియకుండా లేచి రాకు. చివర్లో అయ్యగారు చెయ్యెత్తి ఆశీర్వాదం చెప్తారు. అది అయ్యేదాకా కూర్చోవాలి. మధ్యలో ఫోను తీసి చూడకు, వీడియోలు తియ్యకు. ప్రసంగం పొడుగ్గా ఉండొచ్చు. ఉంటుంది. మన కథాకాలక్షేపాలు మాత్రం గంటలో తెమిలేవా? పొద్దున్న నాలుగు ఇడ్లీలు తిని వెళ్ళు. కానీ మరీ పొట్ట పగిలేలా తినకు. ఎందుకో తర్వాత చెప్తాను.

పాటల దగ్గర నీకు బావుంటుంది. చిన్నప్పుడు సంగీతం మాస్టారి దగ్గర నువ్వు ఏడుస్తూ నేర్చుకున్న ఆ నాలుగు కీర్తనలూ ఇప్పుడు పనికొస్తాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎవరైనా నీ చేతికిస్తే తెరిచి చూడు. పాట నెత్తిమీద రాగం, తాళం వేసి ఉంటాయి. శంకరాభరణం అనీ, ఆది తాళం అనీ. వాటిలో చాలా పాటలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు మన వైపువాడే, పర్లాకిమిడి ప్రాంతం. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, పెద్దయ్యాక క్రైస్తవం తీసుకుని, 1890 దాకా బతికి, ఊరూరా తిరిగి పాడాడు. అప్పటికి మనవాళ్ళకి తెలిసిన సంగీతంలోనే ఆయన తన దేవుణ్ణి పాడుకున్నాడు. ఇప్పటి సంఘాల్లో కీబోర్డూ ప్యాడ్లూ వచ్చి చెవులు హోరెత్తిస్తున్నాయట. అయినా ఓ ముసలావిడ లేచి పాత కీర్తన అందుకుంటే విను. గొంతు కలపాలనిపిస్తే కలుపు. అనిపించకపోతే మర్యాదగా నిలబడు, చాలు. పెదాలు ఊరికే కదిలించకు, ముసలాళ్ళకి తెలిసిపోతుంది.

వాక్యం చదివేటప్పుడు పక్కాయన తన బైబిలు తెరిచి, వేలు పెట్టి నీకు చూపిస్తాడు. అది వాళ్ళ మర్యాద, వద్దనకు. ఆ తెలుగు నీకు పాతగా తోస్తుంది. తెలుగు టీచరుని కదా, ఇక్కడ నా నోరు ఊరుకోదు. బైబిలుని తెలుగులోకి తెచ్చే పని మన విశాఖలోనూ జరిగింది. లండన్ మిషనువాళ్ళు పంపిన క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో ఇక్కడికి వచ్చారు. మన భాష ఓనమాల నుంచీ నేర్చుకున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ పండితుడు క్రైస్తవుడై వాళ్ళకి తోడయ్యాడు. క్రాన్ 1809లో పోయాడు, డెగ్రాంజెస్ ఆ మరుసటేడు పోయాడు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చై వచ్చేసరికి ఆ ఇద్దరిలో ఒక్కడూ లేడు. తర్వాత ప్రిచెట్ అనే ఆయన కొత్త నిబంధన పూర్తి చేస్తే 1818లో మద్రాసులో అచ్చు వేశారు. ఎక్కడివాళ్ళో వచ్చి మన ఎండకీ జ్వరాలకీ ప్రాణాలిచ్చి మన భాషని పట్టుకున్నారు. వాళ్ళ మతం నాకక్కర్లేకపోవచ్చు, ఆ శ్రమకి మాత్రం దణ్ణం పెడతాను. నువ్వు వెళ్ళే సంఘం బాప్టిస్టులదంటే దాని దారి వేరు. తంతి శాఖలో ఉద్యోగం చేసిన థామస్ గాబ్రియేలు కాకినాడలో మొదలుపెట్టిన పనిని 1874లో కెనడా నుంచొచ్చిన మెక్లారిన్ అందుకున్నాడు. అక్కణ్ణించి తుని, యలమంచిలి, నర్సీపట్నం దాకా పాకింది. ఇప్పుడు మన వీధిలో ఇంటికో పిల్లాడు కెనడాకి వీసా కోసం తిరుగుతున్నాడు. అప్పుడు వాళ్ళు ఓడెక్కి ఇటు వచ్చారు.

ఎక్కడికో పోయాను. మధ్యలో "కొత్తగా వచ్చినవాళ్ళు లేచి నిలబడండి" అంటారు. కంగారు పడకు. లేచి పేరు చెప్పు, అనకాపల్లి అని చెప్పు, వందనాలు చెప్పు, కూర్చో. అక్కడ నిలబడి "దేవుళ్ళంతా ఒక్కటేనండీ" అని మాత్రం ఉపన్యాసం మొదలెట్టకు. మనం పెద్దమనసుతో అన్నాం అనుకుంటాం. వాళ్ళ నమ్మకం అది కాదు. ఎవరింటికో వెళ్ళి, వాళ్ళు దేన్ని ప్రాణంగా చూసుకుంటున్నారో దాన్ని మనింటి అరలో సర్దేసినట్టు ఉంటుంది. చివర్లో అయ్యగారు "ప్రభువుని అంగీకరించేవాళ్ళు చేతులెత్తండి" అనొచ్చు. నీ మనసులో లేనిది చెయ్యెత్తి చెప్పకు. మొహమాటానికి ఎత్తిన చెయ్యి అబద్ధమే. ఎవరైనా నీ నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే తల వంచు. పెద్దవాళ్ళ చెయ్యి నెత్తిన పడితే మంచిదే. కానుకల సంచి వస్తే మన హుండీలో వేసినంత వెయ్యి. ఐదువందల నోటు విప్పి అందరికీ కనబడేలా వెయ్యకు. దశమ భాగం అవీ ఇవీ సంఘంలో ఉన్నవాళ్ళ లెక్కలు, నీకు సంబంధం లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. వచ్చేది నెలలో మొదటి ఆదివారం. చాలా బాప్టిస్టు సంఘాల్లో ఆ రోజు బల్ల ఉంటుంది. చిన్న రొట్టె ముక్కలూ, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసమూ పళ్ళెంలో పెట్టి అందరికీ తిప్పుతారు. ఏసు చనిపోయే ముందు రాత్రి శిష్యులతో తిన్న భోజనానికి గుర్తు అది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే, అదీ తమ మనసు తాము పరీక్షించుకుని పుచ్చుకుంటారు. ఆ పళ్ళెం నీ ముందుకొస్తే తియ్యకు. నిశ్శబ్దంగా పక్కవాళ్ళకి అందించెయ్. ఎవరూ ఏమీ అనుకోరు. కథోలిక్కుల పూజకి ఎప్పుడైనా వెళ్తే అక్కడా అంతే. అందరూ వరసలో దివ్యసత్ప్రసాదానికి వెళ్తుంటే నువ్వు కూర్చునే ఉండు. ప్రసాదం కదా అని చెయ్యి చాపకు. మన అలవాటు కొద్దీ ఎక్కడ ఏది పంచినా కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటాం. అక్కడ అది తప్పు. అది వాళ్ళు మాట ఇచ్చి పుచ్చుకునేది.

కాబట్టి ఆ ఒక్కచోట తినకు. ఆ తర్వాత పెట్టేదంతా తిను.

ఇదిగో, ఇక్కడికి రావాలనే పొద్దుటి నుంచీ రాస్తున్నాను. ఆ రోజు కోతల పండగ అని రాశావు. అంటే ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంటుంది. ఆవరణలో షామియానా వేస్తారు, వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తారు. లేదా నీ స్నేహం ఇంటికి తీసుకెళ్ళి పెడతారు. నువ్వు తినాలి. "ఇప్పుడే తిన్నానండీ", "గ్యాస్ ట్రబులండీ", "రూముకి వెళ్ళి తింటానండీ", ఇవేవీ అనకూడదు. మనింట్లో గుడ్డు కూడా గుమ్మం దాటి రాదు, ఆ సంగతి వాళ్ళకి ముందే చెప్పు. వాళ్ళు బిర్యానీ వండుతారు, కోడి కూర వండుతారు. నువ్వు అది తిననక్కర్లేదు. తెల్లన్నం, పప్పుచారు, పెరుగు ఎక్కడైనా ఉంటాయి. మాంసం వద్దనడం వేరు, మంచినీళ్ళు వద్దనడం వేరు. నేను చూసినన్నాళ్ళలో మనవాళ్ళు మొదటిదాని చాటున రెండోది దాచుకున్నారు.

మీ తాతగారి బెల్లం కొట్టు సంగతులన్నీ నీకు తెలిసినవే, మళ్ళీ చెప్పను. ఇది మాత్రం నీకు తెలీదు, మీ నాన్నకీ తెలీదు, వాడప్పటికి పుట్టలేదు. కొట్లో దిమ్మలు మోసే కళాసీ ఒకడుండేవాడు. కశింకోట అవతల పల్లె. ఏటా కోతల పండక్కి రమ్మని నాన్నని పిలిచేవాడు. ఏటా నాన్న చూద్దాంలే అనేవాడు. ఒక ఏడు ఏ కళనున్నాడో ఒప్పుకున్నాడు. నేను ఏడ్చి బండెక్కాను. పొద్దున్నే బండి కట్టుకుని మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చింది ఆ కళాసీయే. మేం లోపల పెసరట్లు తిని వచ్చేదాకా అరుగు కింద నిలబడి ఉన్నదీ అతనే.

మందిరం చిన్న పెంకుటిల్లు. ముందర వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోడిపెట్ట, బుట్టలో గుడ్లు, వాటి మధ్య బంగారంలా మెరుస్తూ బెల్లం దిమ్మ. ఆ దిమ్మ మన కళాసీది. కోతలో మొదటి ఫలం దేవుడికని తెచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వేలం అనగానే నాన్నకి ప్రాణం లేచొచ్చింది. రంగు చూసి దిమ్మ ధర చెప్పగల మనిషి ఆయన. మొదట మన మార్కెట్లో పాడినట్టే అర్ధరూపాయి అర్ధరూపాయి పాడాడు. ఎవరో ఒకాయన ఎక్కువ పాడి దిమ్మ కొనుక్కున్నాడు. కొన్నవాడు దాన్ని ఎత్తుకెళ్ళకుండా మళ్ళీ దేవుడి దగ్గర పెట్టేశాడు. మళ్ళీ వేలం. ఇంకొకాయన కొన్నాడు, మళ్ళీ పెట్టేశాడు. "కొన్న సరుకు వదిలేసి పోతారేమిట్రా" అని నాన్న నా చెవిలో ఆశ్చర్యపోయాడు. ఆఖరికి పౌరుషం వచ్చి, బజారు ధరకి ఎన్నో రెట్లు పాడి తనే కొన్నాడు. జనమంతా చప్పట్లు కొట్టారు. కళాసీ మొహం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

తర్వాత ఆకులు వేశారు. కళాసీ వచ్చి చేతులు కట్టుకుని, "బాబుగోరూ, మీకోసం ఏరే పొయ్యి మీద, కొత్త కుండలో పప్పన్నం ఒండించినాం. నీసు తగల్నేదు. ఒక్క ముద్ద తినండి" అన్నాడు. నాన్న నవ్వి, "ఇవాళ నాకు ఒంటిపొద్దురా" అన్నాడు. కళాసీ "సిత్తం" అన్నాడు. మేం పెసరట్లు తినేదాకా బయట కాచుకుని నిలబడ్డ మనిషి, ఒంటిపొద్దు అంటే "సిత్తం" అన్నాడు! ఆయన భార్య ఒక అరటిపండు వలిచి నా చేతిలో పెట్టింది. ఆకలేస్తోంది, తినేశాను. నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక మా అమ్మ నూతి దగ్గర నా నెత్తిన నాలుగు చేదల నీళ్ళు గుమ్మరించింది. ఆ దిమ్మ వంటింట్లోకి రాలేదు. కొట్లోనే ఒక మూల పడి ఉండి, వానాకాలం కరిగి, చీమల పాలైంది.

నాన్న చెడ్డవాడు కాదురా. ఆ కళాసీ కొడుకు చదువుకి ఫీజు కట్టాడు, కూతురి పెళ్ళికి బియ్యం పంపాడు. అడిగిందల్లా ఇచ్చాడు. కానీ ఆ మనిషి అడిగింది ఒక్క ముద్ద తినమని. మన ఇళ్ళలో ఇవ్వడం అందరికీ వచ్చు. ఇచ్చే చెయ్యి పైనుంటుంది, అందులో కష్టమేముంది. వాళ్ళు పెట్టింది పుచ్చుకోవడానికే చెయ్యి రాదు.

ఇప్పుడు నీకు అసలు మాట చెప్తాను. మీ అమ్మ భయం ఏసుప్రభువు గురించి కాదు. మనింట్లో దేవుడి గది గోడకి వేలాంకణ్ణి మాత క్యాలెండరు ఏళ్ళ తరబడి ఉంది, మీ అమ్మే తగిలించింది. మన వైపు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాలపల్లి, మాదిగపల్లి నుంచి వెళ్ళినవాళ్ళు. ఊరు బయట ఉంచినవాళ్ళని ఎవరో పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు, వాళ్ళు ఆ పక్కన కూర్చున్నారు. అందుకే మన చుట్టాల నోట "చర్చి" అన్నమాట వచ్చినప్పుడు వాళ్ళ కళ్ళలో మెదిలేది సిలువ కాదు, పేట. దేవుడి పేరు చెప్పుకుని కులాన్ని కాపాడుకుంటున్నారు. పైకి చెప్పరు. ఈ కాలంలో కూడా చెప్పరు. అందుకే నేను రాయాల్సి వస్తోంది.

అక్కడ ఎవరినీ "మీరు ముందు ఏమిట్లు" అని అడగకు. "సర్టిఫికెట్లో ఏమని రాయించుకున్నారు" అని అసలే అడగకు. ఆ ప్రశ్న వాళ్ళకి తేలిగ్గా ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి కలిపారు. క్రైస్తవం తీసుకున్న దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తాడు, దానికి ఒక్క శాతం. మందిరంలో ఒక పేరు, కాగితాల్లో ఒక పేరు ఎందుకుంటుందో నీకు అర్థమవుతుంది గదా. తప్పుపట్టే హక్కు మనకి లేదు. ఊరు మాత్రం వాళ్ళని ఏ పేరుతో పిలిచినా పాత చోటే కూర్చోబెట్టింది.

మీ పెద్దపిన్ని ఒక మాట అంటుంది, ఇప్పుడే చెప్తున్నాను. "వాళ్ళు మన ప్రసాదం ముట్టరు, మనమెందుకు వాళ్ళింట్లో తినాలి" అంటుంది. నిజమే, చాలామంది ముట్టరు. విగ్రహాలకి పెట్టినది తినొచ్చా కూడదా అన్న తగువు వాళ్ళ పుస్తకంలోనే ఉంది, పౌలు కొరింథీయులకి రాసిన ఉత్తరంలో. అది మన మీద చులకన కాదు, వాళ్ళ నియమం. మనకి ఏకాదశులూ మడీ లేవూ? మా స్కూల్లో నాతో పనిచేసిన లెక్కల టీచరుగారు గట్టి విశ్వాసి. రోజూ మా క్యారియర్లు మార్చుకుని తినేవాళ్ళం. ఆవిడ చేసే గోంగూర పచ్చడికి నేను బానిసని. వినాయకచవితి మర్నాడు మాత్రం నా డబ్బా వైపు చూసేది కాదు. అడగడానికి మొహమాటం, తినడానికి నియమం. అప్పుడు నేనొక పని మొదలెట్టాను. పండగనాడు నైవేద్యం పెట్టక ముందే పులిహోర ఒక గిన్నెలోకి తీసి దాచేదాన్ని. మా అత్తగారికి తెలిస్తే కొంప మునిగేది. దేవుడికి చూపించకుండా తీసిన పులిహోర అని చెప్పి ఇస్తే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని తినేది. వినాయకుడు ఏమీ అనుకోలేదు. నీకు తెలిసి నా ఇంట్లో ఏ విఘ్నమైనా వచ్చిందా?

తెలియనితనం ఎంతదాకా పోతుందో చూడాలంటే మన శంకరం కొండలే చూడు. 1906లో అలెగ్జాండర్ రే తవ్వించేదాకా బొజ్జన్నకొండ బౌద్ధుల ఆరామమని మనకి తెలీదు. తెలిశాక కూడా, అక్కడున్నది రాక్షసుడి పొట్ట అనుకుని కనుమనాడు రాళ్ళు విసిరే అలవాటు ఎన్నాళ్ళో సాగింది. ఒకప్పుడు ఎవరో చేతులు జోడించిన చోటు అది. రాయి విసిరినవాళ్ళంతా దుర్మార్గులా? కాదు, మనూరివాళ్ళే, పండగపూట పిల్లల్ని భుజాన ఎక్కించుకుని వెళ్ళినవాళ్ళే. లోపలేముందో వెళ్ళి చూసినవాళ్ళు లేరు, అంతే. నువ్వు వెళ్ళి చూడు. చూసి, నీకు నచ్చింది నచ్చిందనుకో, నచ్చనిది నచ్చలేదనుకో. ప్రసంగంలో మన దేవుళ్ళ మీద ఏదైనా మాట పడితే పడొచ్చు. అందరు పాస్టర్లూ ఒక్కలా ఉండరు, అందరు పూజారులూ ఒక్కలా ఉండరు. అక్కడ లేచి వాదించకు. బాధనిపిస్తే తర్వాత నీ స్నేహంతో నెమ్మదిగా చెప్పు. కానీ ఆ కోపం చూపించడానికి భోజనం మానెయ్యకు. అన్నం వండినవాళ్ళు వేరు, ప్రసంగం చేసినవాళ్ళు వేరు.

మళ్ళీ భోజనం దగ్గరికే వచ్చాను. నవ్వుకో. మా ఆయన ఉంటే "నీ ఉత్తరంలో చర్చి తక్కువ, పప్పుచారు ఎక్కువ" అనేవారు. అయినా రాస్తాను. వడ్డించేవాళ్ళు పెద్దవాళ్ళయితే నిలబడి పెట్టించుకో. ఆకులో వదిలెయ్యకు, కొంచెం కొంచెం వేయించుకుని మళ్ళీ అడుగు. మళ్ళీ అడగడం ముఖ్యం. మొదటిసారి తిన్నది మర్యాదకి అనుకుంటారు, రెండోసారి అడిగితే నమ్ముతారు. నువ్వు తింటుంటే పిల్లలు నిన్నే చూస్తారు, నవ్వు. నీ కోసం స్టీలు గ్లాసు వేరుగా కడిగి తెస్తే, అందరూ తాగే గ్లాసే ఇమ్మని అడుగు. ఎవరికీ వినబడకుండా అడుగు. చెయ్యి కడుక్కునే దగ్గర నీళ్ళు నువ్వే పోసుకో. తిన్నాక వంట చేసినవాళ్ళ దగ్గరికెళ్ళి బావుందని చెప్పు. నువ్వు నా దగ్గర ఎప్పుడూ చెప్పవు, అక్కడైనా చెప్పు.

వట్టి చేతుల్తో వెళ్ళకు. కోతల పండగ కాబట్టి ఈ ఉత్తరంతో పాటే ఒక బెల్లం దిమ్మ పంపిస్తున్నాను. నిన్న నేనే మార్కెట్‌కి వెళ్ళి ఏరి తెచ్చాను, మందులు కలపని ముదురు రంగుది. తెల్లగా మెరిసేది కొనమని కొట్టువాడు ఎంత చెప్పినా వినలేదు. మందిరంలో మిగతావాటితో పాటు పెట్టమని నీ స్నేహానికివ్వు. వేలంలో నువ్వు పాడకు, జీతమంతా ఊడ్చుకుపోతుంది. పిల్లలెవరైనా ముచ్చటపడి పాడుతుంటే మధ్యలో ఆగు.

ఇంకొక్క మాట. తినడం సగం పనే. మనం వెళ్ళి తిని రావడం గొప్ప పని చేసినట్టు పది మందికి చెప్పుకుని ఊరుకుంటే, అది కూడా ఒక రకం దానమే అయిపోతుంది. వాళ్ళని మనింటికి పిలువు. సంక్రాంతి వెళ్ళాక ఏ ఆదివారమైనా సరే, వాళ్ళ ఆరాధన అయ్యాక బయల్దేరితే మధ్యాహ్నానికి అనకాపల్లి వచ్చేస్తారు. మీ అమ్మానాన్నా ఉండే ఇంటికే, నా ఇంటికి కాదు. నేను వచ్చి వంట చేస్తాను. ఆ రోజు దేవుడి గదిలో ఏ నైవేద్యమూ పెట్టకుండా వంకాయ కూర, పులిహోర, బెల్లం పరమాన్నం వండుతాను. హాల్లో టేబులు దగ్గర అందరూ కలిసే కూర్చుంటారు, కంచాలు అవే, గ్లాసులు అవే. మీ అమ్మ చేత వడ్డించే పూచీ నాది. మొదట మొహం ముడుచుకుంటుంది. ఎవరైనా రెండోసారి కూర అడిగారంటే కరిగిపోతుంది, అది మనసు లేని మనిషి కాదు. నిన్ను కనిపెంచిన తల్లి, దాన్ని నొప్పించే మాట ఒక్కటీ అనకు. నువ్వు వెళ్ళొచ్చిన రోజే ఫోన్ చేసి బాగున్నానని చెప్పు. దాచి మాట్లాడకు.

నిద్ర సరిగ్గా పోతున్నావా? నైట్ షిఫ్టులు ఎక్కువ వేస్తున్నారని మీ నాన్న అన్నాడు. గదిలో దోమలు ఉన్నాయన్నావు, దోమతెర కొనుక్కో, నాకు బిల్లు పంపు. చిన్నప్పుడు నా ఒళ్ళో పడుకుంటే చెవి వెనక ఉన్న నీ పుట్టుమచ్చ నిమిరితే గానీ నిద్రపోయేవాడివి కాదు. ఇప్పుడు ఎవరు నిమరాలి? సరే, అడగనన్నాను, అడగను.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. ముందు ఏమేం వడ్డించారో చెప్పు, ఎన్నిసార్లు వేయించుకున్నావో చెప్పు. ప్రసంగం సంగతి ఆ తర్వాత వింటాను.

నీ మేలు కోరే
అత్తయ్య

తా.క.: దిమ్మ బరువుగా ఉంటుంది, తెచ్చే కుర్రాడికి టీ ఇప్పించు. అతనికి కూడా నీ కప్పులోనే ఇవ్వు.